హాట్ హ్యాచ్‌ని మోడిఫై చేయించాలా, బండే మార్చాలా? బరంపురం నుంచి జయపురం దాకా వాడేవాళ్ళకి దశలవారీ మార్గదర్శి

పోలో జీటీ, బలేనో ఆర్‌ఎస్, అబార్త్ పుంటో, ఫిగో, ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్. దక్షిణ ఒడిశాలో మనవాళ్ళ ఇళ్ళ ముందు కనబడే చురుకైన చిన్న బళ్ళు, అంటే హాట్ హ్యాచ్‌లు, దాదాపు ఇవే. వీటిలో సగానికి పైగా తయారీ ఆగిపోయినవి. నాలుగైదేళ్ళు తిరిగాక అందరికీ ఒకటే ప్రశ్న వస్తుంది: ఇంకో లక్షో లక్షన్నరో దీనిమీదే పెట్టడమా, అమ్మేసి వేరేది తెచ్చుకోవడమా?

కింద చెప్పిన వరస తప్పకండి. పార్టు ఎంత మంచిదైనా వేయించే వరస తప్పితే డబ్బు నీళ్ళపాలే. తీరిగ్గా చేస్తే మొత్తం ఐదారు వారాల పని. అన్నీ అయ్యేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

1. ఫిర్యాదుని ఒక్క వాక్యంలో రాయండి

"పికప్ లేదు" అని రాస్తే లాభం లేదు. ఎక్కడ, ఏ గేరులో, ఎంత స్పీడులో, బండిలో ఎంతమంది ఉండగా అన్నది రాయాలి. ఇలా:

- సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతుంటే, నలుగురున్నప్పుడు, లారీని దాటాలంటే రెండో గేరుకి దించాల్సి వస్తోంది.
- పొట్టంగి వైపు నుంచి దిగేటప్పుడు పది నిమిషాలకే బ్రేకు పెడల్ మెత్తబడుతోంది.
- మోహన, రాయగడ రోడ్డులో గుంత తగిలితే వెనక నుంచి దడదడ.
- బరంపురం ట్రాఫిక్‌లో ఒకటి, రెండు గేర్ల మధ్య కుదుపు.

ఈ నాలుగింటిలో మొదటిది ఒక్కటే ఇంజను బలానికి సంబంధించింది. మిగతావి మరమ్మతులు. మరమ్మతుకి పెట్టాల్సిన డబ్బుని మోడిఫికేషన్ ఖాతాలో రాసుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు.

కోరాపుట్ వాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఊరు సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు పదో వంతు బలం కోల్పోతుంది. బరంపురంలో చురుగ్గా లాగిన స్విఫ్ట్ అక్కడ నీరసంగా ఉందంటే అది రోగం కాదు, గాలి పలచన. టర్బో బండికి ఈ బాధ బాగా తక్కువ.

"బోరు కొట్టింది" అన్నదే మీ వాక్యమైతే దాన్నీ నిజాయితీగా అలాగే రాయండి. దానికి ఏ పార్టూ మందు కాదు. 2వ దశ అయ్యాక నేరుగా 4వ దశకి వెళ్ళి డబ్బు లెక్క చూసుకోండి.

2. ముందు బండిని కంపెనీ స్థితికి తీసుకురండి

ఈ దశ దాటవేయడానికి వీల్లేదు. ఉంచుకున్నా అమ్మినా ఈ ఖర్చు తప్పదు కాబట్టి ఇందులో పోయేదేమీ లేదు. చూపించాల్సిన వరస ఇది:

అ. స్కానర్ (ఇంజను కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే యంత్రం). ఫాల్ట్ కోడ్లు చెరిపేముందు ఫోటో తీసుకోండి. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు పాళ్ళని ఇంజను కంప్యూటర్ ఎంత సవరిస్తోందో చెప్పే అంకె) సున్నాకి అటూ ఇటూ 5 శాతంలో ఉంటే బాగున్నట్టు. 10 దాటితే గాలి లీకో, ఇంజెక్టర్ లోపమో, ఆక్సిజన్ సెన్సార్ లోపమో వెతకాలి.

ఆ. ప్లగ్గులు, కాయిళ్ళు, ఎయిర్ ఫిల్టర్. టర్బో బళ్ళలో లోడు పడ్డప్పుడు మాత్రమే తడబాటు వస్తుంటే ముందు అనుమానించాల్సింది వీటినే. ప్లగ్ గ్యాప్ మాన్యువల్లో ఉన్నంతే ఉండాలి.

ఇ. కంప్రెషన్ పరీక్ష (ప్రతి సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం). ఇంజను వేడిగా ఉండాలి. ప్లగ్గులన్నీ విప్పి, ఇంజెక్టర్లకీ కాయిళ్ళకీ కనెక్షన్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పెట్టి క్రాంక్ చేయాలి. ఒక సిలిండర్‌కీ ఇంకోదానికీ తేడా 10 నుంచి 15 శాతం మించకూడదు. మించితే ఆ ఇంజనుకి రీమ్యాప్ (బలం పెంచడానికి ఇంజను కంప్యూటర్ ఫైలు మార్చడం) ఆలోచన అక్కడితో ఆపేయండి.

ఈ. టర్బో పైపులు. ఇంటర్‌కూలర్ గొట్టాల జాయింట్ల దగ్గర నూనె తడి కనబడితే లీకు ఉండొచ్చు. పొగ పరీక్ష చేస్తే తేలిపోతుంది. బలం తగ్గిందనుకున్న బళ్ళలో కొన్నిటికి ఒక క్లాంపు బిగిస్తే సరిపోతుంది.

ఉ. క్లచ్. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 50 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముందు ఎగిసి, స్పీడు వెనకాల తీరిగ్గా వస్తే క్లచ్ జారుతోంది. డ్రై క్లచ్ ఆటోమేటిక్‌లో కుదుపు ఉంటే క్లచ్ ప్యాక్, మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) రెండిటికీ కొటేషన్ విడివిడిగా తీసుకోండి. ఈ ఒక్క కాగితమే చాలాసార్లు "అమ్మేద్దాం" అనిపిస్తుంది.

ఊ. కింద భాగం. షాకబ్జర్ మీద నూనె చెమట, లోయర్ ఆర్మ్ బుష్‌ల్లో పగుళ్ళు, స్ట్రట్ మౌంట్, బంప్ స్టాప్, లింక్ రాడ్. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు బళ్ళకి ఉప్పుగాలి వల్ల సబ్‌ఫ్రేమ్, బ్రేకు పైపుల తుప్పు కూడా చూడాలి. పైన రంగు మెరుస్తున్నా కింద బోల్టు తలలు పొరలు పొరలుగా లేస్తుంటే ఆ బండి మీద సస్పెన్షన్ కిట్ పెట్టడం దండగ.

ఎ. బ్రేకు ఆయిల్. రెండేళ్ళకోసారి మార్చాలి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి మొదటి కారణం ఇది. పెద్ద డిస్కుల కొటేషన్ అడిగే ముందు ఈ సీసా మార్పించండి.

ఏ. టైర్లు. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 1421 అంటే 2021లో 14వ వారం. ట్రెడ్ ఎంత మిగిలినా ఐదేళ్ళు దాటిన టైరు గట్టిపడి పట్టు తగ్గుతుంది.

ఒక పని మాత్రం మెకానిక్ పక్కన నిలబడి చూడండి. లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చాక బోల్టులు బండి జాకీ మీద వేలాడుతుండగా బిగించకూడదు. చక్రాలు నేలమీద ఆని, బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలిపడిపోయి కొత్త బుష్ కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. "కంపెనీ బుష్ కూడా ఆగట్లేదండీ" అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ తప్పే.

3. నాలుగు వారాలు మళ్ళీ నడిపి కొలవండి

బాగు చేయించిన మర్నాడే నిర్ణయం వద్దు. మీ రోజువారీ రోడ్డు మీదే నెల తిప్పండి. కొలవాల్సినవి మూడే.

మొదటిది, మూడో గేరులో 40 నుంచి 80కి పట్టే సమయం. ఖాళీ రోడ్డు మీద, పక్కనున్నవాళ్ళు ఫోన్లో మీటరు వీడియో తీయాలి. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు తీసి సగటు వేయండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. రెండోది, ట్యాంకు నుంచి ట్యాంకుకి మైలేజీ. మూడోది, 1వ దశలో రాసిన వాక్యం ఇంకా నిజమేనా?

మూడోదానికి "కాదు" అని జవాబొస్తే మీ పని అయిపోయింది. మోడిఫికేషనూ అక్కర్లేదు, కొత్త బండీ అక్కర్లేదు.

4. డబ్బు లెక్క ఒకే కాగితం మీద వేయండి

ఎడమ వైపు ఉంచుకుంటే, కుడి వైపు మారిస్తే. 2వ దశ ఖర్చు రెండు వైపులా ఉంటుంది కాబట్టి కొట్టేయండి.

ఉదాహరణకి మీ బండి ఇవాళ 4.5 లక్షలు పలుకుతోంది. మోడిఫికేషన్ కోరిక 1.5 లక్షలు. కొత్తది ఆన్‌రోడ్ 10.5 లక్షలు. తేడా 6 లక్షలు. ఆ 6 లక్షలు 10 శాతం వడ్డీతో ఐదేళ్ళకి తీసుకుంటే నెలకి సుమారు 12,750 రూపాయలు కట్టాలి. మొత్తం చెల్లించేది 7.65 లక్షలు. అంటే వడ్డీయే 1.65 లక్షలు, మోడిఫికేషన్ మొత్తానికంటే ఎక్కువ.

ఇది చూసి మోడిఫికేషన్ చవక అనుకోకండి. ఆ 1.5 లక్షల్లో అమ్మేటప్పుడు తిరిగొచ్చేది దాదాపు సున్నా. మార్పులు చేసిన బండి అంటే కొనేవాడు బెదిరి ఇంకా తగ్గించి అడుగుతాడు. కొత్త బండి ధర తగ్గినా మూడేళ్ళ తర్వాత అందులో గణనీయమైన భాగం చేతికొస్తుంది. అందుకే కుడి వైపు "మూడేళ్ళ తర్వాత అమ్మకం విలువ" అన్న గడి తప్పక పెట్టండి.

మేము పాటించే హద్దు ఇది: మోడిఫికేషన్ ఖర్చు బండి అమ్మకం విలువలో నాలుగో వంతు దాటితే ఆగిపోవాలి. పై ఉదాహరణలో 1.5 లక్షలు అంటే మూడో వంతు. జాబితా కొంత కత్తిరించాల్సిందే.

ధరలు అడిగేటప్పుడు పాత అంకెలు నమ్మకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు బళ్ళకి జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్త ధర దిగితే సెకండ్ హ్యాండ్ ధర కూడా దానివెంటే దిగుతుంది. అంతకుముందు మీ బండికి ఎవరో చెప్పిన రేటు ఇప్పుడు లెక్కలోకి రాదు.

కాగితంలో చాలామంది మరిచే గళ్ళు:

- ట్యూనింగ్ కోసం హైదరాబాదో బెంగళూరో వెళ్ళిరావడం, ఏదైనా తేడా వస్తే మళ్ళీ వెళ్ళిరావడం
- బండి షెడ్డులో ఉన్న రోజులకి వేరే బండి ఖర్చు
- వారంటీ మిగిలి ఉంటే దాని విలువ
- క్లచ్. బలం పెంచాక ఇది ముందుగానే వస్తుంది

5. పార్టు కొనేముందు చట్టం, ఇన్సూరెన్సు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సంగతి మళ్ళీ గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకి 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శబ్దం, కాలుష్య ప్రమాణాలు దాటితే 190(2) కింద మొదటిసారికే 10,000 దాకా పడొచ్చు.

మనకి ఇది మామూలు కంటే ఎక్కువ తగులుతుంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం, బరంపురం నుంచి ఇచ్చాపురం, కోరాపుట్ నుంచి సాలూరు వారానికోసారి దాటేవాళ్ళం. ఒడిశా నంబరు బండి ఆంధ్రలో, ఆంధ్ర నంబరు బండి ఇక్కడ ఎప్పుడూ ముందు కంటబడుతుంది. పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ పెట్టుకుని గిరిసోల సరిహద్దు గేటు దాటడం కోరి ఆపించుకోవడమే.

మామూలుగా ఇబ్బంది లేనివి: కంపెనీ కొలతలో మంచి టైర్లు, మంచి బ్రేకు ప్యాడ్లు, కంపెనీ ఎత్తులోనే మెరుగైన షాకబ్జర్లు. ఆర్‌సీలో రాయించాల్సింది: రంగు మార్పు. అసలు వద్దనాల్సినవి: క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుద్ధి చేసే భాగం) తీసేయడం, సైలెన్సర్ మార్పు, బాడీ దాటి బయటకొచ్చే చక్రాలు.

ఇన్సూరెన్సు కంపెనీకి మార్పులు ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఏజెంటు ఫోన్లో "ఏం ఫర్వాలేదు సార్" అంటే సరిపోదు. ఈమెయిల్ జవాబు, పాలసీ మీద ఎండార్స్‌మెంట్ (మార్పు నమోదు) రెండూ చేతికి రావాలి. చెప్పని రీమ్యాప్ క్లెయిము రోజున బయటపడితే మొత్తం ఖర్చు మీ నెత్తిన పడొచ్చు.

6. తేల్చే పట్టిక

ఉంచుకుని మెరుగుపరచడానికి కింది అన్నిటికీ "అవును" రావాలి:

- కంప్రెషన్, క్లచ్, గేర్‌బాక్స్ పాసయ్యాయి
- తుప్పు పైపైనే ఉంది
- ఫిర్యాదు టైరు, బ్రేకు, సస్పెన్షన్‌తో తీరేది; లేదా కావాల్సిన అదనపు బలం 15 నుంచి 20 శాతమే
- ఖర్చు అమ్మకం విలువలో నాలుగో వంతు లోపు
- ఇంకా కనీసం మూడేళ్ళు ఉంచుకుంటారు
- పార్టులు దొరుకుతున్నాయి

చివరిదాన్ని మాటమీద నమ్మకండి. తయారీ ఆగిన మోడల్ అయితే మూడు పార్టులకి కొటేషన్, రావడానికి పట్టే రోజులు రాయించుకోండి: హెడ్‌ల్యాంప్ అసెంబ్లీ, ముందు బంపర్, క్లచ్ కిట్. మూడింటిలో ఒక్కటి "చెప్పలేం" అన్నా అది మార్చేయాల్సిన బండి కిందే లెక్క.

ఇంకో మూడు సందర్భాల్లో ఆలోచించకుండా మార్చేయండి. ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ లేకపోవడమే మీ దిగులైతే వాటిని తర్వాత పెట్టించడం కుదరదు. బలం సగానికి సగం పెరగాలనుకుంటే అది రీమ్యాప్‌తో అయ్యేది కాదు. వెనక సీట్లో పెద్దవాళ్ళు కూర్చుని ప్రతి గుంతకీ మిమ్మల్ని తిట్టుకుంటుంటే, హాట్ హ్యాచ్‌ని ఎంత మార్చినా ఆ తిట్లు ఆగవు.

7. ఉంచుకుంటే: మార్పుల వరస

టైర్లు ముందు. ఒక్క మార్పుకే డబ్బుందంటే ఇదే చేయించండి. కొత్త కొలత మొత్తం వ్యాసం పాతదానికి 3 శాతం లోపు తేడాలో ఉండాలి, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు అంకె) తగ్గకూడదు. 195/55 ఆర్16 (వెడల్పు 195 మి.మీ., పక్క గోడ అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు) వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. 205/55 ఆర్16 అయితే 632, అంటే 1.8 శాతం ఎక్కువ. హద్దులోనే ఉంది కానీ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకుంటుందేమో చూడాలి. 205/45 ఆర్17 వ్యాసం 616, లెక్కకి బాగానే ఉంటుంది. కానీ పక్క గోడ 107 నుంచి 92 మిల్లీమీటర్లకి తగ్గిపోతుంది. వానాకాలంలో నీళ్ళు నిండి గుంత కనబడని రోడ్డు మీద ఆ పదిహేను మిల్లీమీటర్లే అల్లాయ్‌ని కాపాడేవి. మన రోడ్లకి 17 అంగుళాలు వద్దనే మా మాట.

ఏ కొలతకి మారినా అది మీ మోడల్‌కి మాన్యువల్లో ఉందో లేదో చూసి, లేకపోతే ఇన్సూరెన్సు కంపెనీని అడిగాకే ఎక్కించండి.

అల్లాయ్‌లు కూడా మారుస్తుంటే రంధ్రాల కొలత (5x100 అంటే 100 మి.మీ. వలయం మీద ఐదు రంధ్రాలు), ఆఫ్‌సెట్ (చక్రం లోపలికో బయటికో జరిగే కొలత), మధ్య బోరు (నడిమి రంధ్రం) మూడూ చూడాలి. పోలోకి 5x100, బోరు 57.1. బలేనో, స్విఫ్ట్‌లకి 4x100, బోరు 54.1. బయట దొరికే చక్రాల బోరు తరచు పెద్దగా ఉంటుంది. మధ్యలో రింగు వేయకుండా బిగిస్తే 90, 110 మధ్య స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ నాలుగుసార్లు చేయించినా అది పోదు, అక్కడ లేనిది పదిగ్రాముల ప్లాస్టిక్ రింగు. బోల్టులు టార్క్ రెంచితోనే బిగించాలి (పోలోకి 120 న్యూటన్ మీటర్లు). వంద కిలోమీటర్ల లోపు మళ్ళీ ఒకసారి చూపించాలి.

బ్రేకులు తర్వాత. కొత్త ఆయిల్, మంచి ప్యాడ్లు. ప్యాడ్లు వేశాక 60 నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించి చల్లారనివ్వాలి. ఇది చేయకపోతే కిర్రుమనడం, పట్టు సమంగా లేకపోవడం ఖాయం. ఏ ప్యాడు వేసినా సుంకి దిగేటప్పుడు రెండో గేరులోనే దిగండి.

సస్పెన్షన్. షాకబ్జర్లు ఎప్పుడూ జతగా మార్చాలి. మౌంటు, బంప్ స్టాప్ కూడా అప్పుడే కొత్తవి వేయాలి, లేకపోతే అదే కూలీ రెండుసార్లు. స్ప్రింగులతో బండిని కిందికి దించడం అందంగానే ఉంటుంది. పోలోకున్న 165 మిల్లీమీటర్ల ఎత్తులో 30 పోతే మిగిలేది 135. ఊళ్ళల్లో స్పీడ్ బ్రేకర్లు ఏ కొలతకీ కట్టినవి కావన్నది మీకు తెలియంది కాదు. పని పూర్తయ్యాక అలైన్‌మెంట్ ప్రింటవుట్ తీసుకోండి.

రీమ్యాప్ ఆఖరున. టర్బో పెట్రోలులో 15 నుంచి 25 శాతం పెరుగుదల మామూలుగా ట్యూనర్లు చెప్పే మాట. టర్బో లేని ఇంజనుకి వచ్చేది చాలా స్వల్పం, దానికి డబ్బు పెట్టకండి. గేర్‌బాక్స్ హద్దు ముందు చూడాలి. పోలో జీటీ 1.2లోని ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్) హద్దు 250 న్యూటన్ మీటర్లు, కంపెనీ ఇచ్చే టార్క్ (తిప్పే బలం) 175. మ్యాప్ 250ని ముట్టుకుంటే ఇంజను బాగుంటుంది, గేర్‌బాక్స్ ఏడుస్తుంది.

అంతకంటే పెద్ద ప్రశ్న పెట్రోలు. మ్యాప్ 100 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు మీద చేయించుకుని గుణుపురంలోనో మల్కాన్‌గిరిలోనో బంకులో దొరికిన మామూలు పెట్రోలు పోస్తే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) వస్తుంది. ఈసీయూ (ఇంజను కంప్యూటర్) టైమింగ్ వెనక్కి లాగేసి కొన్న బలం కొన్నట్టే తిరిగి తీసుకుంటుంది. అది కూడా చేతకాని మ్యాప్ అయితే పిస్టన్‌కే ఎసరు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు). ఎథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి ఇంజెక్టర్లు, పంపు ఎక్కువ పోయాలి. పాత ఈ10 రోజుల ఫైలు కాపీ కొట్టి ఎక్కించే ట్యూనర్‌కి దండం పెట్టి వచ్చేయండి. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండి అయితే ఈ20కి సరిపడుతుందో లేదో మాన్యువల్లో చూసుకోవాలి.

ట్యూనర్‌ని అడగాల్సినవి:

- మామూలు ఈ20 మీద మ్యాప్ చేస్తారా, లేక ప్రీమియం తప్పనిసరా?
- చేసేముందు, చేశాక లాగ్‌లు (ఇంజను రికార్డులు) ఇస్తారా? టైమింగ్ వెనక్కి పోవడం, బూస్ట్ (టర్బో ఒత్తిడి) అడిగింది ఎంత, వచ్చింది ఎంత, లోపలికెళ్ళే గాలి వేడి అందులో ఉండాలి
- కంపెనీ ఫైలు కాపీ నా చేతికిస్తారా?
- సర్వీసులో అప్‌డేట్ చేస్తే మ్యాప్ చెరిగిపోతే మళ్ళీ ఎక్కించడానికి ఎంత?

విప్పిన కంపెనీ పార్టులన్నీ గోనెసంచిలో కట్టి, నూనె రాసి, అటక మీద దాచండి. అమ్మేరోజు అవే డబ్బులు.

8. మారిస్తే: చూసుకోవాల్సినవి

కొత్తదైతే టెస్ట్ డ్రైవ్ షోరూం చుట్టూ కాదు, వీలైతే ఘాట్ మీద, నలుగురితో అడగండి. 120 పీఎస్ ఐ20 ఎన్ లైన్ కాగితం మీద ఒకలా, ఏసీ వేసుకుని నలుగురితో ఎక్కేటప్పుడు ఇంకోలా ఉంటుంది. అడిగితే పోయేదేముంది, కాదంటే అప్పుడు చూద్దాం. 53 లక్షలకి 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ ఈ లెక్కల్లోకి రాదు, దాని సంగతి వదిలేద్దాం.

సెకండ్ హ్యాండ్ అయితే 2వ దశ పరీక్షలన్నీ ఆ బండికీ చేయించాలి. అమ్మేవాడు కంప్రెషన్ పరీక్షకి ఒప్పుకోకపోతే అదే జవాబు. ఇంతకుముందు రీమ్యాప్ చేసి తీసేసిన బండి కాదని చూసుకోవడానికి మాన్యువల్ బండిలో క్లచ్ మార్చిన బిల్లు తేదీ, కిలోమీటర్లు అడగండి. 30,000కే క్లచ్ పోయిందంటే ఎవరో బాగా తొక్కినట్టే.

మనవాళ్ళు ఎక్కువగా విశాఖ నుంచి తెస్తారు. ఆంధ్ర బండిని ఒడిశా నంబరుకి మార్చే వరస:

1. బండి మీద లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో హైపోథికేషన్ (ఆర్‌సీలో బ్యాంకు తాకట్టు నమోదు) తీయించాలి.
2. అమ్మేవాళ్ళు తమ ఆర్‌టీఓ దగ్గర ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. బాకీ చలాన్లు ముందే కట్టించండి, అవి ఉంటే పని కదలదు.
3. ఫారం 29, 30 మీద సంతకాలు. వేరే రాష్ట్రానికి అమ్మితే అమ్మినవాళ్ళు 45 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాళ్ళు 30 రోజుల్లో.
4. మీ ఆర్‌టీఓలో బండి వయసునుబట్టి పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి: గంజాం ఓడీ-07, గజపతి ఓడీ-20, రాయగడ ఓడీ-18, కోరాపుట్ ఓడీ-10, మల్కాన్‌గిరి ఓడీ-30.
5. కొత్త ఆర్‌సీ వచ్చాక పాత రాష్ట్రంలో మిగిలిన జీవితపన్ను వాపసుకి దరఖాస్తు పెట్టాలి.

వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకి మించి ఇక్కడే ఉంచుకుంటే నంబరు మార్చాల్సిందే. "అటూ ఇటూ తిరుగుతుంటాం కదా" అన్నది గేటు దగ్గర చెల్లే మాట కాదు. ఇక్కడి పన్ను ఎంతో ముందే తెలుసుకుని ధర బేరంలో కలపండి. విశాఖలో ముప్పై వేలు తగ్గించి కొన్న ఆనందం ఆ కౌంటర్ దగ్గర ఆవిరవ్వకుండా ఉంటుంది.

9. పాత బండి అప్పగించే రోజు

- మార్పులు విప్పి కంపెనీ పార్టులు వేయించండి, కంపెనీ ఫైలు ఎక్కించి సర్టిఫికెట్ తీసుకోండి
- నో క్లెయిమ్ బోనస్ మీ సొత్తు. అది బండితో పోదు. అమ్మేముందు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి లెటరు తీసుకుంటే మూడేళ్ళ లోపు కొత్త బండికి వాడుకోవచ్చు
- డెలివరీ నోటులో తేదీతో పాటు గంట కూడా రాయించండి, కొన్నవారి సంతకం తీసుకోండి
- ఆర్‌సీ పేరు మారేదాకా వారానికోసారి ఆన్‌లైన్లో చూస్తూ ఉండండి
- ఫాస్టాగ్ అద్దం మీద నుంచి పీకేస్తే చాలదు, బ్యాంకులో మూయించండి. లేకపోతే ఆ బండి జాతీయ రహదారి 16 మీద టోల్ దాటినప్పుడల్లా మీ ఫోను మోగుతూనే ఉంటుంది